బావ గొంతు కోసం లైనక్స్

దెయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. అమలాపురంలో మా ఇల్లు సమాధుల తోటకి ఆనుకునే ఉండేది. చిన్నప్పుడు మేం దాగుడుమూతలు ఆడింది ఆ సమాధుల మధ్యే. పెద్దయ్యాక జూనియర్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పుకునేవాణ్ణి. కారణం లేకుండా ఏ యంత్రమూ ఏ పనీ చేయదని పిల్లలకి చెప్పిచెప్పి నాకే అది కంఠతా వచ్చేసింది. అలాంటివాణ్ణి ఇది రాయాల్సి వస్తుందనుకోలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మా అక్క సుగుణ భర్త ప్రకాశరావు గారు రాజోలు దగ్గర ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. గ్రౌండుకి ఈ చివర నిలబడి, విజిల్ ఊదకుండా ఆ చివరి పిల్లల్ని ఆపగలిగిన గొంతు ఆయనది. చుట్టుపక్కల ఊళ్ళలో వాలీబాల్ పోటీలు పెడితే మైకు ముందు ఆయనే ఉండాలి. ఆటకి రాని ఆడవాళ్ళు కూడా ఇంటి పనులు చేసుకుంటూ బావ చెప్పేది వినేవారు.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకీ వస్తున్న రోజుల్లో ఆయనకి గొంతు క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. మెడ దగ్గర ఒక రంధ్రం, దానికి అడ్డంగా గుడ్డ. అప్పట్నుంచి ఆయన చేతికి పలకా బలపం వచ్చాయి. ఒక మాట రాసేవారు. మనం చదివేవాళ్ళం. తుడిచి ఇంకో మాట రాసేవారు. కోపం వస్తే అరవలేక మంచం పట్టెమీద అరచేత్తో కొట్టేవారు.

ఒకసారి నేను చూడ్డానికి వెళ్తే పలకమీద ఇలా రాశారు: "కంప్యూటర్లు చదివేవుగా. దీనికి నీ దగ్గర మందు లేదా?"

కాలేజీలో ఒక పాత లాప్‌టాప్ మూలపడి ఉండేది. ప్రిన్సిపాల్ గారు దాన్ని తీసుకెళ్ళమన్నారు. దాంట్లో విండోస్ మూలుగుతూ నడిచేది. విండోస్‌కి బదులు ఉచితంగా ఎక్కించుకునే లైనక్స్ సీడీ, ఒక పత్రికతో పాటు వచ్చింది, నా దగ్గర ఉంది. టైపు చేసిన మాటల్ని పైకి చదివే ప్రోగ్రాము ఒకటి అందులో ఉంది. కాలేజీలోని పెద్ద కంప్యూటర్లో వేసి విన్నాను. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే దొరగారి తెలుగులా చదివింది. దానికి 'ళ' నోరు తిరగదు, 'కళ్ళు' అంటే 'కలు' అనేది. ఏ ఎత్తుపల్లాలూ లేని గొంతు. అయినా గొంతే కదా. ఆ పెద్ద కంప్యూటర్ని బావ మోసుకు తిరగలేరు కాబట్టి లాప్‌టాప్‌లో లైనక్స్ ఎక్కించాను.

మొదట స్క్రీన్ సగమే వెలిగింది. రెండు రోజులు కుస్తీపట్టి దాన్ని దారిలో పెట్టాను. తర్వాత మౌస్ కదిలింది. సౌండ్ మాత్రం రాలేదు. ఎన్ని విధాల అడిగినా సౌండ్ కార్డ్ దొరకలేదన్న ఒక్క జవాబే. హెడ్‌ఫోన్స్ పెట్టి చూశాను. అందులోనూ నిశ్శబ్దమే.

ఈలోగా బావ మా ఇంటికొచ్చి టైపింగ్ నేర్చుకున్నారు. ఒక్క వేలితో కొట్టేవారు. ఒక రోజు చాలాసేపు కొట్టి స్క్రీన్ నా వైపు తిప్పారు. "ఇది కూడా పలకేనా?" అని ఉంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

మూడు వారాలు నెట్ సెంటర్ చుట్టూ తిరిగాను. ఎక్కడో దూరదేశంలో ఉన్న ఒకాయన నా ప్రశ్నకి జవాబు రాశాడు. ఆ సౌండ్ చిప్ పనిచేయాలంటే కెర్నెల్‌ని, అంటే లైనక్స్‌కి గుండెకాయ లాంటి భాగాన్ని, ఆ చిప్ కోసం మళ్ళీ తయారుచేసుకోవాలట. అంత పాత మెషీన్‌లో అది గంటల తరబడి నడిచే పని.

అదే వారంలో బావకి మింగుడు పడడం మానేసింది. గురువారం అక్క ఆయన్ని కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. శుక్రవారం సాయంత్రం ఫోన్ చేసింది.

"రేపు చిన్న ఆపరేషనంట్రా. నువ్వొస్తే బాగుండును."

"ఆదివారం వస్తానక్కా. మాట్లాడే మిషను తెస్తున్నానని బావకి చెప్పు."

"ఆయ్, చెప్తాను" అంది.

వెళ్ళి ఉండాల్సింది. ఈ మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు.

శనివారం పొద్దున్నే కెర్నెల్ తయారీ మొదలుపెట్టాను. హాల్లో టేబుల్ మీద లాప్‌టాప్, ఎదురుగా కుర్చీలో నేను. స్క్రీన్ మీద వరసలు పైకి పాకుతున్నాయి. అప్పటికి నడుస్తున్నది పాత కెర్నెలే. కొత్తది తయారై, మెషీన్ ఆపి మళ్ళీ వేస్తే తప్ప సౌండ్ వచ్చే వీలు లేదు. నా భార్య కరుణ పెరట్లో చేపలు కడుగుతోంది. పదకొండుకి పది నిమిషాలు తక్కువ. పని ఎంతయిందో చూసుకుంటున్నాను కాబట్టి టైము ఖాయంగా చెప్పగలను.

లాప్‌టాప్ మాట్లాడింది.

"నీలు" అంది. కాస్త ఆగి, "కొంచెం నీలు" అంది.

కాలేజీలో నేను విన్న గొంతే. అదే దొరగారి తెలుగు. నాకు మొదట కలిగింది భయం కాదు, సంతోషం. సౌండ్ వచ్చేసిందనుకున్నాను. కీబోర్డు మీద నా చేతులు లేవన్న సంగతి ఆ తర్వాత తట్టింది.

ఇంతలో కరుణ గ్లాసుతో మంచినీళ్ళు పట్టుకుని నా పక్కనుంచి వరండాలోకి వెళ్ళింది. వీధిలోకి తొంగిచూసి వెనక్కి వచ్చింది.

"ఏరండీ అన్నయ్యగారు?"

"ఏ అన్నయ్యగారు?"

"ప్రకాశరావు అన్నయ్యగారండీ. నీళ్ళడిగేరు కదా. ఆ గొంతు నాకు తెలీదా? కాకినాడ నుంచి ఎప్పుడొచ్చేరు?"

అనేశాక ఆమెకి గుర్తొచ్చింది. గ్లాసు టేబుల్ మీద పెట్టి కుర్చీ పట్టుకుంది. నేను విన్నది మెషీన్ గొంతు. ఆమె విన్నది బావ పాత గొంతు. ఈ విషయంలో మా ఇద్దరికీ ఇప్పటికీ పొత్తు కుదరదు. మాటలు మాత్రం అవే.

పదకొండున్నరకి మేనల్లుడు ఫోన్ చేశాడు. "నాన్నగారు వెళ్ళిపోయేరు మావయ్యా" అన్నాడు. కరుణా నేనూ యానాం మీదుగా వెళ్ళే బస్సెక్కాం.

సమాధి కార్యక్రమం అయిన మూడో రోజు అక్క నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. ఆపరేషన్ ముందు చుక్క నీరు కూడా ఇవ్వకూడదన్నారట. పది గంటల నుంచీ ఆయన పలకమీద నీళ్ళు అని రాయడం, ఆవిడ తుడిచేయడం. మళ్ళీ రాయడం, మళ్ళీ తుడవడం.

"విసుగొచ్చి పలక లాగేసుకున్నాన్రా. మంచం కింద పెట్టేసేను. ఇంక ఏమీ అడగలేదు. గోడకేసి తిరిగి పడుకున్నారు. పడుకున్నారనే అనుకున్నాను."

"ఎన్నింటికక్కా?"

"పదకొండు అవలేదు. ఓ పది నిమిషాలుందేమో."

డాక్టర్లు వచ్చి చూసేసరికి గుండె ఆగిపోయి ఉందట. అక్క నా మొహం చూసి "నేను పాపిష్టిదాన్నిరా" అంది. నేను విన్నది నా నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను.

ఇంటికొచ్చాక లాప్‌టాప్ ముందు కూర్చుని, చేసిన ప్రతి పని గురించీ అది రాసి దాచుకునే లెక్కలన్నీ తిరగేశాను. ఆ పొద్దున్న నేనిచ్చిన ఆజ్ఞ ఒక్కటే కనిపించింది. మాట్లాడే ప్రోగ్రాము ఆ రోజు తెరిచిన ఆనవాలే లేదు. కొత్త కెర్నెల్ వేసి చూశాను. సౌండ్ కార్డ్ దొరికిందని చెప్పింది, హెడ్‌ఫోన్స్‌లో పాట కూడా వినిపించింది. స్పీకరు మాత్రం పలకలేదు.

కొన్ని నెలల తర్వాత, కొత్తపేటలో కంప్యూటర్లు బాగుచేసే మిత్రుడి చేత దాన్ని విప్పించాను. లోపల స్పీకరుకి వెళ్ళే సన్నటి తీగ ఊడి ఉంది. కొసన రాగి మీద పచ్చటి చిలుము పట్టింది.

"ఇది ఊడి ఏళ్ళయిందండీ. మీ చేతికి రాకముందే. దీంట్లోంచి కీచుమన్న శబ్దం కూడా రాదు" అన్నాడు.

హెడ్‌ఫోన్స్ ఆ శనివారం పెట్టుకుని ఉన్నానేమోనని కూడా ఆలోచించాను. అవి బీరువాలో ఉన్నాయి. పెట్టుకుని ఉన్నా, అందులోని మాటలు పెరట్లో ఉన్న కరుణకి ఎలా వినిపిస్తాయి? బావ గురించే ఆలోచిస్తూ ఇద్దరం భ్రమపడ్డామనుకుందామంటే, ఆయన నీళ్ళకోసం అడుగుతున్నారని మాకెవరు చెప్పారు?

మొన్నామధ్య అక్క మా ఇంటికొచ్చింది. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. భోజనాలయ్యాక ఉన్నట్టుండి అడిగింది.

"ఆయన కోసం ఏదో చేసేవు కదరా, మాట్లాడే పెట్టె. అది ఒక్కసారైనా మాట్లాడిందా?"

కరుణ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"లేదక్కా" అన్నాను.

"పోనీలే" అంది అక్క. "మాట్లాడుంటే నా గురించి ఏం చెప్పేదో."

ఆ రెండు మాటలు మా హాల్లోకి ఎలా వచ్చాయో నాకు ఈ రోజుకీ తెలియదు. తెలిసినా అక్కకి చెప్పగలనని అనుకోను.