అరగని కొస

నా పిల్లలిద్దరి మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం.

భీమిలి నుంచి మద్దిలపాలెం వచ్చే బస్సులో నా పక్కనతను తువ్వాల్లో చుట్టిన పాత ఇనుప షాఫ్టును ఒళ్లో పెట్టుకున్నాడు. దానికి చుట్టూ నిలువునా పళ్లున్నాయి.

"ఏటి బావా, పసిపిల్లలాగ ఎత్తుకున్నావ్?" అన్నాను.

అతను నవ్వలేదు. ఎదురెదురు పళ్ల సందుల్లో రెండు సన్నటి పిన్నులుంచి, వాటి మీదుగా మైక్రోమీటరు బిగించాడు. బస్సు ఊగుతున్నా చెయ్యి ఊగలేదు.

"నడుమ పళ్లు అరిగిపోనాయి, సూడు. ఈ కొస సక్రం హబ్బులోకి ఎళ్లనేలేదు, కొత్తదాన్లాగుంది. కొలత ఇక్కడ తియ్యాల. మా ఓనరు అరిగినకాడ కొలత తీసీసి, ఆ కొలతకే నాసేత కొత్తది సేయించినాడు. అది వదులైపోతే తప్పు నాదేనని అందరి ముందరా గెంటీసినాడు."

"ఇప్పుడేటి సేత్తావ్?"

"ఆళ్లందరి ముందరే ఆడిసేత కొలిపిత్తాను. అంకె ఆడి నోటితోనే సదివిత్తాను."

నేనూ అతని వెంట దిగాను. షెడ్డులో ఓనరు కొలిచాడు, అంకె చదివాడు, తల దించుకున్నాడు.

ఓనరు కొలవడం, చదవడం, తల దించుకోవడం మాత్రం నా కల్పన. షెడ్డుకి తాళం ఉంది. ఓనరు ఎప్పుడో అమ్మేసి పోయాడని పక్క టీకొట్టాయన చెప్పాడు. షాఫ్టు తెచ్చినతను ఆ తాళం ముందే కూర్చుని, పిన్నులు పెట్టి కొలిచి, అంకె నన్ను చదవమన్నాడు.

చదివాను.

"గట్టిగా," అన్నాడు.

వీధంతా వినపడేలా చదివాను.