అయిపోయిందన్నాక తీసిన ఫొటో

ముందు కిర్రుమని ఒక చప్పుడు. కాస్త ఆగి మళ్లీ కిర్రు. నల్లటి తెర వెనక ఎవరో ఇనుప స్టూలు పీటను తిప్పుతున్నారు. ఒకవైపు తిప్పితే లేచే, ఇంకోవైపు తిప్పితే దిగే మర స్టూలు అది. చప్పుడు ఆగాక ఒక ఆడగొంతు వినిపించింది.

"గడ్డం కాస్త కిందికి. అబ్బా, అంత కాదండీ, పోయిన చిల్లర వెతుకుతున్నట్టుంది. ఆఁ, అంతే."

కాసేపటికి తెర జరిగింది. ఫొటో దిగిన ఆయన కాలరు వదులు చేసుకుంటూ బయటికొచ్చాడు. ఆయన వెనక ఆమె. పొట్టి మనిషి. సగం నెరిసిన జుట్టు, మెడలో తాడుకు వేలాడే కళ్లజోడు. కుడిచేతి వేళ్ల గోళ్లు చివర్లలో పసుపు రంగు తిరిగి ఉన్నాయి. ఏళ్ల తరబడి చీకటిగదిలో మందునీళ్లలో ఫొటోలు కడిగితే అలా అవుతాయట.

ఊళ్లో ఆమెని అందరూ గడ్డం అత్తయ్య అంటారు. ఆమె ఎవరికైనా చెప్పే మొదటి మాట అదే కాబట్టి. గడ్డమున్న మనిషి కోసం వెతికి, కనపడక వెనక్కి పోయిన కొత్తవాళ్లూ ఉన్నారు. దుకాణం ముందుభాగంలో ఫ్రేములు కట్టే ఆమె భర్తకి మాత్రం నిజంగానే బారెడు గడ్డం.

"పెంచింది నేను, పేరు ఆవిడకి," అంటాడాయన, అద్దం మీద కోతగీత గీస్తూ.

"తీసుకోండి, ఎవరొద్దన్నారు? ఆ పేరుతో పాటు ఈ స్టూలు కూడా తిప్పండి, నడుం పట్టేసింది," అంటుంది ఆమె.

ఈ స్టూలూ, పాత కెమెరా, చెయ్యి తిరిగిన పనీ ఆమెకి మేనమామ ఇచ్చినవి. మొదట్లో ఆయన తీసిన ఫొటోలు కడిగి ఆరబెట్టేది. తర్వాత సన్నటి కుంచెతో వాటి మీది తెల్లమచ్చలు దిద్దేది. మామ చేతులు వణకడం మొదలయ్యాక కెమెరా వెనక తనే నిలబడింది. ఉత్తరంవైపు కిటికీకి ఆయన కట్టిన పలచటి తెల్లగుడ్డని ఉతకడమే కానీ మార్చడం ఆమెకి ఇష్టం లేదు. దానిలోంచి వచ్చే వెలుతురు గదిలోకి కాదు, నేరుగా మనిషి చర్మంలోకి వచ్చినట్టుంటుంది.

మామ ఆమెకి ఒక కిటుకు కూడా ఇచ్చాడు.

"కెమెరా ముందుకి మనుషులు రారే పిల్లా. వాళ్ల బదులు వాళ్ల ఫొటోలే వచ్చి కూర్చుంటాయి. మనిషి రావాలంటే ఆ ఫొటో లేచి వెళ్లిపోవాలి," అనేవాడట.

ఆ ఫొటోని లేపి పంపే ఉపాయం ఇది. మొదట ఒకటి మామూలుగా తీస్తుంది. "అయిపోయింది, ఇక లేవచ్చు," అంటుంది. అంటూనే ఫిల్మ్ తిప్పి, ఏదో సర్దుతున్నట్టు అటు తిరుగుతుంది. కెమెరాకి తగిలించిన పొడుగాటి రబ్బరు గొట్టం చివర, నొక్కితే ఫొటో పడే గాలిబుడ్డి ఒకటి ఉంటుంది. అది ఆమె గుప్పిట్లో ఉన్నట్టు కూర్చున్నవాళ్లకి తెలియదు. అయిపోయింది అన్న మాట విన్నాక మనిషి భుజాలు దిగుతాయి. బిగపట్టిన ఊపిరి బయటికొస్తుంది. పగలంతా ఊరు తిరిగిన మనిషి సాయంత్రం ఇంట్లోకి అడుగుపెట్టినట్టు, ముఖం ముఖంలోకి వస్తుంది. అప్పుడు ఎడంచేత్తో తాళాల గుత్తి బల్ల మీద పడేస్తుంది, కుడి గుప్పిట నొక్కుతుంది. కెమెరా చేసే చిన్న చప్పుడు తాళాల చప్పుడులో కలిసిపోతుంది.

వాళ్లకి ఇచ్చేది ఈ రెండోదే. "అచ్చం నాలాగే ఉన్నాను," అని మురిసిపోయేవాళ్లు తప్ప, ఇదెప్పుడు తీశారని అడిగినవాళ్లు లేరు. సంగతి తెలిసింది భర్త ఒక్కడికే. అలా ముప్ఫై ఏళ్లు గడిచాయి.

ఆరేళ్ల కిందట మాజీ సైనికుల సంఘం కార్యదర్శి దుకాణానికి వచ్చాడు. ఎప్పటిదో ఒక యుద్ధం. అందులో పోరాడి ఇంకా బతికున్నవాళ్లు ఊళ్లో ఓ ఇరవైమంది. అందరూ ఎనభై దాటినవాళ్లే. సంఘం కొత్త హాలు కడుతోంది, గోడ నిండా వాళ్ల ఫొటోలు పెద్దవిగా పెట్టాలన్నాడు. గడ్డం అత్తయ్యకి అప్పటిదాకా దొరికినవన్నీ ఇళ్లలోని చిన్నచిన్న గోడలే. తను తీసినవి ఒకే గోడ మీద, పదిమంది నిలబడి చూసేలా ఉండాలని ఆమెకి ఎన్నాళ్లుగానో ఉండేది. ఆ రాత్రి ఆమె అన్నం సరిగా తినలేదని భర్త ఇప్పటికీ చెబుతాడు.

పెద్దవాళ్లు ఇద్దరూ ముగ్గురూ కలిసి వచ్చేవారు. పెట్టెల్లోంచి తీసిన కోట్లు, వాటికి పతకాలు. తీసేది ఛాతీ వరకే అయినా ప్రతి ఒక్కరి బూట్లూ మెరిసిపోతూ ఉండేవి.

"బూట్లు ఫొటోలో పడవు కదా పెదనాన్నా, ఎందుకంత కష్టం?" అందామె ఒకాయనతో.

"పడకపోతే మాత్రం, కాళ్లు ఉన్నాయిగా అమ్మాయ్," అన్నాడాయన.

బెంచీ మీద వరస కోసం ఎదురుచూసేవాళ్లు ఊరుకునేవాళ్లు కాదు. "ఒరేయ్, ఆ పతకం తలకిందులుగా పెట్టుకున్నావ్. నీకిచ్చినందుకు దానికే సిగ్గేసి తిరగబడింది." "నీకు కనపడుతోందా అసలు? డాక్టరు దగ్గర పెద్దక్షరమే చదవలేకపోయావు కదరా." ఇన్ని మాటలు ఆడేవాళ్లు స్టూలెక్కగానే గోడకి కొట్టిన మేకులైపోయేవారు. దవడ బిగిసేది. చూపు కెమెరాని దాటి ఎక్కడో జెండా ఎగురుతున్న చోటికి పోయేది. ఆమె ఒక్కొక్కరికీ అయిపోయిందని చెప్పింది. తాళాలు పడేసింది. గుప్పిట నొక్కింది.

వాళ్లలో ఒకాయనని ట్రక్కు తాత అంటారు. యుద్ధంలో మంచినీళ్ల ట్రక్కు నడిపాడు. పొడుగాటి మనిషి, స్టూలు అడుగంటా దించాల్సి వచ్చింది. ఆయన రెండో ఫొటో కడుగుతున్నప్పుడు, ఎర్రదీపం కింద, నీళ్లలోంచి ముఖం తేలుతుంటే ఆమె చెయ్యి ఆగిపోయింది. చూపు కొంచెం పక్కకి వాలి ఉంది. పెదవులు విడీవిడనట్టు ఉన్నాయి. దూరం నుంచి ఎవరో పేరు పెట్టి పిలిస్తే పలకాలా వద్దా అని ఆలోచించే పిల్లవాడి ముఖం. ఎనభై ఆరేళ్ల ముడతల వెనక నుంచి ఆ పిల్లవాడు చూస్తున్నాడు. తన జీవితంలో అంత మంచి ఫొటో తియ్యలేదని ఆమెకి తెలుసు. కార్యదర్శి చూసి, తలుపుకి ఎదురుగా నడిమధ్యన ఇదే పెడదామన్నాడు.

హాలు తెరవడానికి వారం ముందు ఆమె ట్రక్కు తాతకి కబురు పంపింది. అందరికంటే ముందు ఆయనే చూడాలని ఆశ. కోడలి చెయ్యి పట్టుకుని వచ్చాడు. భర్త పెద్ద ఫ్రేముని గోడకి ఆనించి, మీద కప్పిన గుడ్డ తీశాడు.

తాత చాలాసేపు చూశాడు.

"ఇదెప్పుడు తీశావమ్మాయ్?"

"ఆ రోజే బాబాయ్."

"ఆ రోజే సరే. ఎప్పుడు?"

అబద్ధం చెబుదామనుకుంది. నోరు రాలేదు. "అయిపోయిందన్నాక," అంది.

తాత కుర్చీ కోసం వెనక్కి తడుముకున్నాడు. కోడలు కూర్చోబెట్టింది. ఆయన గొంతు పెంచలేదు. ఇంట్లో ఏదో సామాను ఎక్కడ పెట్టారో చెబుతున్నట్టుగా చెప్పాడు.

"ఆఖరి రోజున మాకూ అలాగే చెప్పారు. గోతిలో ఉన్నాం. అయిపోయింది, ఇక లేవచ్చు అని వైర్‌లెస్‌లో మాట వచ్చింది. నా పక్కవాడు ఒళ్లు విరుచుకోవడానికి లేచాడు. నాలుగు రోజులు వంగి కూర్చున్నాం మరి. అటువైపు వాళ్లకి ఆ మాట ఇంకా చేరలేదు. కాల్చారు. వాళ్లనేమీ అనను. వాళ్లకి తెలీదు. అప్పట్నించీ ఎవరు అయిపోయిందన్నా నేను వెంటనే కదలను. సినిమా హాల్లో కూడా అందరూ వెళ్లాకే లేస్తాను. మా ఆవిడ విసుక్కునేది. నీ దగ్గర మాత్రం ఎందుకో ఆగలేదమ్మాయ్. నమ్మేశాను. నీకు తెలుసు కదా, అయిపోలేదని?"

"బాబాయ్, అందరికీ ఇలాగే తీశాను. ఎవరూ ఏమీ అనలేదు."

"వాళ్లకి చెప్పావా?"

భర్త గుడ్డని మడిచిందే మళ్లీ మడుస్తున్నాడు.

"ఫొటో బాగుంది," అన్నాడు తాత లేస్తూ. "బాగాలేదని అనను. కానీ ఆ ముఖం మా ఆవిడకి కూడా చూపించకుండా కాపరం చేశాను. తలుపు తీయగానే ఊరందరికీ ఎలా చూపించను? నాది ఇంకోటి తియ్యి. కూర్చుంటాను."

ఆయన్ని మళ్లీ స్టూలు మీద కూర్చోబెట్టింది. ఈసారి గొట్టం విప్పేసి, కెమెరా పక్కనే నిలబడి, "ఇప్పుడు తీస్తున్నాను బాబాయ్," అని చెప్పి మరీ తీసింది. దవడ బిగిసింది. చూపు జెండా దగ్గరికి వెళ్లిపోయింది. మేకు.

తాత బయట మెట్ల మీద ఉండగా కోడలు వెనక్కి వచ్చింది. పర్సు మర్చిపోయానని వంక. పర్సు చేతిలోనే ఉంది.

"అక్కా, ఆ పాతది పారెయ్యకండి."

"ఎందుకమ్మా?"

"మా మామగారంటే అదే. పొద్దున్నే కిటికీ దగ్గర ఒక్కరూ కూర్చున్నప్పుడు ఆ ముఖమే ఉంటుంది. నేను కాఫీ పట్టుకెళ్లేసరికి సర్దేసుకుంటారు. తలుపు సందులోంచి పదిహేనేళ్లుగా చూస్తున్నాను. ఆయన పోయాక నాకేం మిగులుతుంది? ఈ బిగుసుకున్నదా? ఇప్పుడివ్వమనట్లేదు. దాచండి, అంతే. ఆయనకి ఎలాగూ తెలీదు."

ఆలోచిస్తానంది గడ్డం అత్తయ్య.

ఆ వారమంతా ఆమె మిగతా పెద్దవాళ్ల ఇళ్లకి తిరిగింది. సంచిలో ఒక్కొక్కరివీ రెండేసి ఫొటోలు. ఎలా తీసిందో చెప్పి, ఏది పెట్టమంటారని అడిగింది. చాలామంది నవ్వేశారు. "అమ్మ దొంగా, శత్రువుకి లేని తెలివి నీకుందే," అన్నాడు బూట్ల పెద్దాయన, రెండోదే పెట్టమన్నాడు. ఒకాయన మొదటిది తీసుకుని తలుపేసుకున్నాడు. ఇంకొకాయన రెండూ చూసి, రెండింట్లోనూ తన పక్కన తన తమ్ముడు లేడని ఏడ్చాడు. ఆమె ఆయన పక్కనే కూర్చుండిపోయింది.

రాత్రుళ్లు నెగెటివ్ తీసి దీపానికి అడ్డంగా పెట్టి చూసుకునేది. నెగెటివ్‌లో తాత జుట్టు నల్లగా, ముఖం చీకటిగా, కళ్లు మాత్రం తెల్లటి చుక్కలుగా ఉండేవి.

"ఆ పిల్ల అడిగింది కదండీ, దాచేస్తే ఏం?" అంది ఒకరోజు.

"దాచు. నేనొద్దన్నానా?" అన్నాడు భర్త. గడ్డంలోంచి రంపప్పొట్టు దులుపుకుంటూ, "దాచేది ఆ పిల్ల కోసమో నీ కోసమో తేల్చుకుని దాచు," అన్నాడు.

ఆమె తిట్టింది. మీకేం తెలుసు, అద్దాలు కొయ్యడం తప్ప అంది. తర్వాత కత్తెర తీసింది. నెగెటివ్‌ని ముందు నిలువుగా, ఆ తర్వాత అడ్డంగా కత్తిరించింది. పెద్ద ఫొటోని ఫ్రేములోంచి ఊడదీసి, ముక్కలు చేసి, చీకటిగది తొట్టిలోనే నానబెట్టింది.

తాతకి ఈ సంగతి చెప్పలేదు. ఆయన అడగలేదు. కోడలికి మాత్రం చెప్పింది. అప్పట్నించి ఆ కోడలు ఇటువైపు రాదు. పిల్లల స్కూలు ఫొటోలకి కూడా వంతెన అవతలి దుకాణానికే వెళ్తుంది. దారిలో ఎదురైతే తల తిప్పుకుంటుంది.

హాల్లో ఆ ఫొటోలు ఇప్పటికీ ఉన్నాయి. నడిమధ్యన బూట్ల పెద్దాయన, ఏదో జోకు గుర్తొచ్చినట్టు. లోపలికి వచ్చినవాళ్లు ఆయన దగ్గర ఆగుతారు. ట్రక్కు తాతది కిటికీ పక్క వరసలో. అక్కడ ఎవరూ ఎక్కువసేపు నిలబడరు. నిరుడు ఆయన పోయినప్పుడు పేపరులో వేసింది కూడా ఆ ఫొటోనే.

గడ్డం అత్తయ్య ఇప్పుడు గాలిబుడ్డి వాడదు. తీసే ప్రతిసారీ చెప్పి తీస్తుంది. పని తగ్గిందని, ముఖాలు మునుపటిలా రావడం లేదని ఆమే ఒప్పుకుంటుంది. మనుషులు బిగుసుకుంటే వాళ్లు వదులయ్యేదాకా కబుర్లు చెబుతుంది. కొందరు వదులవుతారు, కొందరు ఎంతకీ కారు. కానివాళ్లకి అదే కడిగి ఇస్తుంది.

నాతో మాట్లాడుతుండగానే ఇంకెవరో ఫొటోకి వచ్చారు. తెర ఎత్తి లోపలికి వెళ్లబోతూ ఆమె ఆగి, వెనక్కి తిరిగింది.

"ఇదంతా రాస్తే రాయండి కానీ, ఒక్కటి మాత్రం సరిగ్గా రాయండి. చెడిపోతే కత్తిరించానని అనుకుంటారు జనం. చెడిపోలేదు. చాలా బాగా వచ్చింది."