ఏడవని గొంతు

2009లో రాయ్‌పూర్‌లో ఛత్తీస్‌గఢీ సినిమాలకు డబ్బింగ్ చేసే ఒక చిన్న స్టూడియోలో నేను సౌండ్ రికార్డిస్టుగా పనిచేసేవాణ్ణి. తెర మీద నటి పెదవులు కదులుతుంటే, గాజు గదిలో మైకు ముందు నిలబడి వేరొకరు ఆమె మాటలు పలకడమే డబ్బింగ్. సన్నివేశాన్ని చిన్న ముక్కలు చేసి, మాట కుదిరేదాకా మళ్ళీ మళ్ళీ నడుపుతాం. ఆ ముక్కని లూప్ అంటాం.

ఆ ఏడాది మా దగ్గరికొచ్చిన సినిమా ప్రేమకథ కాదు. కథలో, రాయ్‌పూర్ పక్కనున్న ధర్సీవా దగ్గర ఒక లారీ డ్రైవరు సైకిల్ మీద పోతున్న కుర్రాణ్ణి గుద్ది, ఆపకుండా ఇంటికి వస్తాడు. భార్య బంపరుకంటిన నెత్తురు కడిగేసి నోరు మూసుకుంటుంది. కొన్నాళ్ళకి ఆ దెబ్బకి చనిపోయిన కుర్రాడి తల్లి, సంగతి తెలియక, ఆమె పక్కింట్లోనే అద్దెకు దిగుతుంది. ఇద్దరూ కలిసి వడియాలు పెట్టుకునేంత స్నేహం కుదురుతుంది. చివరికి డ్రైవరు భార్య, ఆ కుర్రాడి తల్లి ఎదుట నిజం చెప్పేస్తుంది.

భార్య పాత్రకి గొంతు సుగుణక్కది. విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ రైల్వే కుటుంబం వాళ్ళది. ఆమె ఛత్తీస్‌గఢీ వింటే ఇక్కడివాళ్ళు కూడా తమ ఊరి మనిషే అనుకునేవారు.

ఆ నిజం చెప్పే లూప్‌ని సుగుణక్క పొడిగా, మాట మింగకుండా పలికింది. నా పక్కన కూర్చున్న నిర్మాత, గాజు గదిలోకి వినిపించే మైకు అందుకున్నాడు.

“సుగుణాజీ, ఏడవండి. తప్పు ఒప్పుకుంటూ కన్నీళ్ళు పెట్టకపోతే జనం ఆమెని రాక్షసి అనుకుంటారు.”

“అనుకోనీండి.”

“ఇది మాఫీ అడిగే సీను.”

“ఆవిడ మాఫీ అడగట్లేదండీ. జరిగింది చెబుతోంది.”

నిర్మాత విసుగ్గా టీకి వెళ్ళాడు. కుర్ర దర్శకుడు డైలాగు కాగితాలు తిరగేస్తూ కూర్చున్నాడు. నేను గాజు గదిలోకి వెళ్ళి, “అక్కా, రెండు వెక్కిళ్ళు పెట్టేస్తే పోతుంది కదా” అన్నాను.

“మా అన్నయ్య భన్‌పురిలో ఫ్యాక్టరీ పనిలో కరెంటు కొట్టి పోయేడు తమ్ముడూ. చూసుకోకుండా స్విచ్ వేసినాయన చాలాకాలం దాచి, ఓ రోజు మా ఇంటికొచ్చి ఒప్పుకున్నాడు. అమ్మ కాళ్ళు పట్టుకుని ఒకటే ఏడుపు. అమ్మే ఆయన్ని లేపి, మంచినీళ్ళిచ్చి, ఊరుకో బాబూ అంది. ఆయన తేలికపడి ఎళ్ళిపోయేడు. కొడుకు పోయింది అమ్మకి. ఓదార్చిందీ అమ్మే. ఆ ఏడుపు నా గొంతులోంచి రాదు.”

నేను తలుపు వేసి వచ్చేశాను.

మర్నాడు నిర్మాత వేరే అమ్మాయిని తెచ్చాడు. ఆమె బాగానే ఏడ్చింది. కానీ తెర మీద నటి కళ్ళు పొడిగా ఉన్నాయి, పెదవులు వణకడం లేదు. వెక్కిళ్ళు ఎవరివో పరాయివిలా వినిపించాయి.

“ఆ చోట నటి ముఖం తీయించి తల్లి ముఖం వేయిస్తాను. దాని మీద ఈ ఏడుపు పరిచెయ్” అన్నాడు నాతో నిర్మాత.

“నేను చేయనండి. ఆ తల్లి ముఖం మీద ఇంకొకరి ఏడుపు పెట్టను. వేరేవాళ్ళని చూసుకోండి.”

అప్పుడు దర్శకుడు లేచాడు. “సుగుణగారి గొంతే ఉంటుంది. లేదంటే నా పేరు తీసేయండి.”

రిలీజు దగ్గరపడింది. మాకు బదులు మనుషుల్ని వెతికే తీరిక లేక నిర్మాత ఒప్పుకున్నాడు. ఆ తర్వాత మా ముగ్గురికీ ఆయన పని ఇవ్వలేదు.

సినిమా దగ్గరి ఊరు తిల్దాలో ఆడుతుంటే సుగుణక్కా నేనూ వెళ్ళాం. నిజం చెప్పే సన్నివేశం రాగానే వెనక ఎవరో, “ఎంత గుండె లేని ఆడది” అన్నారు. సుగుణక్క తల తిప్పలేదు. తెర మీద తల్లి ఓదార్చడానికి ఎదుట కన్నీళ్ళేమీ లేవు. ఆ తల్లి చివరికి తన కొడుకు కోసం బావురుమంది. మా వరసలోని ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు. అది ఆ తల్లి కోసం.

అప్పటినుంచీ తప్పు చేసినవాళ్ళ ఏడుపు రికార్డు చేయమన్నప్పుడల్లా, నష్టపోయినవాళ్ళకి ఏడ్చే చోటు మిగిలిందా అని ముందు చూస్తాను. మిగలకపోతే మైకు తెరవను. అలా కొన్ని సినిమాలు చేజారాయి. పోనీ.