ప్యాడ్లలోకి పోయిన నా డోలకు

ఆ పెట్టె బెంగళూరు నుంచి వచ్చిన రోజు మా కీబోర్డువాడు నిలువునా మోసపోయాడనే అనుకున్నాం. పలకంత పెట్టె, దాని మీద వరసగా రబ్బరు ప్యాడ్లు, పక్కన తిప్పడానికి నాలుగు గుండీలు. కరెంటు పెట్టి ఎంత బాదినా కిక్కురుమనలేదు. వాళ్ళ మామ వచ్చి చూసి, "ఏమప్పా, నోరు లేని దాన్ని మోసుకొస్తివే" అని నవ్వుకుంటూ వెళ్ళాడు. దానికి సొంత శబ్దమంటూ ఉండదని, మనం కొట్టిన సంగతి కంప్యూటరుకు చేరవేయడమే దాని పనని, మోగాల్సింది కంప్యూటర్లో ఉన్న రికార్డింగు సాఫ్ట్‌వేరని మాకు తెలియడానికి చాలా రోజులే పట్టింది.

మాకు అంటున్నాను చూడండి. ఇప్పటికీ నోరు అలాగే తిరుగుతుంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది. పెళ్ళిళ్ళకూ తిరునాళ్ళకూ పాడే ఒక ఆర్కెస్ట్రాలో వాడు కీబోర్డు, నేను డోలకు. వ్యాను వెనక స్పీకర్ల మధ్య ఇరుక్కుని కూర్చుని జిల్లా అంతా తిరిగినవాళ్ళం. వానలు పడని ఏడాది పెళ్ళి చేసేవాళ్ళు ముందు మానుకునేది ఆర్కెస్ట్రానే. అలాంటి రోజుల్లో నేను ఎరువుల అంగట్లో మూటలు ఎత్తేవాణ్ణి. వాడు అనంతపురం పక్కనే బుక్కరాయసముద్రంలో వాళ్ళ మిద్దె మీద గదిలో స్టూడియో పెడుతున్నానని చెప్పి నా చెయ్యి పట్టుకున్నాడు. "పాట ఏదన్నా కానీ, డోలకు నీదే. ఇంగ నువ్వు ఆ మూటల జోలికి పోవద్దు" అన్నాడు. మరుసటి రోజే అంగట్లో పని మానేశాను. నా ఆశంతా ఆ ఒక్క మాట మీదే పెట్టుకున్నాను.

వాణ్ణి నమ్మడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఒకరి వాయిద్యాన్ని ఇంకొకరు అడక్కుండా ముట్టకపోవడం మాలో ఒక మర్యాద. నా డోలకు మా నాయన ఇచ్చింది, వాయించడం నేర్పింది కూడా ఆయనే. వ్యానులో చోటు చాలక దాన్ని కాస్త పక్కకు జరపాల్సి వచ్చినా వాడు "ముట్టుకుంటాండా" అని చెప్పి మరీ జరిపేవాడు.

ఇంక ఆ పెట్టెతో మా కుస్తీ మొదలైంది. ముందు కంప్యూటరు దాన్ని గుర్తుపట్టలేదు. సీడీ వేసి డ్రైవరు ఎక్కించి, తీగను వేరే కన్నానికి మార్చాక గుర్తుపట్టింది. సాఫ్ట్‌వేరు మాత్రం అదెవరో నాకు తెలియదన్నట్టే కూర్చుంది. సెట్టింగుల్లో ఎక్కడో మూలనున్న గడిలో టిక్కు పెట్టేసరికి మోగింది. అదీ ఏ ప్యాడు కొట్టినా పియానో. అది సర్దుకున్నాక ఇంకో తిప్పలు. ఇప్పుడు కొడితే కాసేపటికి మోగేది. "నీ కంప్యూటరు అన్నం తిని వచ్చి మోగుతాండాది రోయ్" అన్నాను. వాడు బఫర్ అనే అంకెను తగ్గిస్తూ పోయాడు, నేను కొడుతూ చెవితో చెబుతూ పోయాను. మరీ తగ్గిస్తే బొరుగులు వేగినట్టు చిటపటమనేది. ఆ చిటపట ఆగినచోట నిలబెట్టాం.

అప్పుడు వాడు అడిగాడు. "దీంట్లో అన్నీ ఇంగ్లీషు డ్రమ్ములే ఉండాయి. సెట్టింగు సూసుకోనీకి నీ దెబ్బలు కొన్ని ఇయ్యప్పా."

ఫ్యాను శబ్దం మైకులో పడకూడదని ఫ్యాను ఆపేశాం. కిటికీలకు బొంతలు కట్టాం. అనంతపురం ఎండలో మిద్దె మీది గది ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. ఒక్కో దెబ్బా విడివిడిగా కొట్టాను. కుడివైపు వేళ్ళతో, ఎడమవైపు అరచేత్తో, మెల్లగా, మధ్యరకంగా, గట్టిగా. మణికట్టుతో చర్మాన్ని నొక్కి జరుపుతూ గుమ్మనిపించే దెబ్బ మా నాయన ప్రత్యేకం. అది కూడా ఇచ్చాను. ఆ దెబ్బ కొట్టేటప్పుడు నా కింద ప్లాస్టిక్ కుర్చీ కిర్రుమంటే, "పర్వాలేదులే, అది తర్వాత కోసేస్తా" అన్నాడు. వాడి భార్య మజ్జిగ తెచ్చి, "అన్నా, మనిషివి చెమటలో నానిపోయినావే" అంది. సాయంత్రానికి ఒక్కో దెబ్బను ఒక్కో ప్యాడుకు కట్టాం. మెల్లగా తడితే మెల్లగా, గట్టిగా కొడితే గట్టిగా పలికేదాకా సెట్టింగు మార్చుతూ పోయాం. చివరికి నేను ప్యాడు మీద వేలు పెడితే అచ్చం నా డోలకే మోగింది. నిజం చెప్పాలంటే ఒళ్ళు పులకరించింది. నాయన బతికుంటే చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి చూపించేవాణ్ణి.

ఆ తర్వాత కబురు లేదు. ఎదురుపడితే "పాటలు రానీ, పిలుస్తా" అనేవాడు.

ఎలక్షన్లు వచ్చాయి. ఒకరోజు నేనూ నా భార్యా టవర్ క్లాక్ దగ్గర రోడ్డు దాటబోతుంటే మైకు కట్టిన ఆటో ఒకటి మా ముందు ఆగిపోయింది. పార్టీ పాట ఊదరగొడుతోంది. నా భార్య నా వైపు తిరిగి, "ఇదెప్పుడు వాయించినావు? నాతో ఒక్క మాటన్నా చెప్పలేదే" అంది. నేను వాయించలేదు. కానీ దెబ్బ ప్రతిదీ నాదే. చరణం తిరిగిన ప్రతిసారీ నాయన దెబ్బ గుమ్మనేది, దాని తోకలో కుర్చీ కిర్రుమనేది. అది కూడా తాళం తప్పకుండా. కోసేస్తానన్నవాడికి ఆ మాత్రం ఓపిక కూడా లేకపోయింది. అంతమందిలో నవ్వొచ్చింది, వెంటనే నా భార్యను ఇంటికి పొమ్మన్నాను.

నేరుగా మిద్దె ఎక్కాను. వాడు కుర్చీలోంచి లేవలేదు. "నీ డోలకు నీ ఇంట్లోనే ఉండాది గదప్పా. నేనేమన్నా ముట్టినానా?" అన్నాడు.

ఇన్నేళ్ళు వాడు పాటించిన మర్యాద నన్ను కొట్టడానికే పనికొచ్చింది. "అవన్నీ తీసేయ్. నా ముందరే తీసేయ్" అన్నాను. వాడు తల వంచుకుని నా దెబ్బలన్నీ ఎంచి తుడిచేశాడు. కంప్యూటర్లో చెత్తబుట్ట కూడా ఖాళీ చేసి చూపించి, "సరేనా?" అన్నాడు. ముఖం చిన్నబోయింది. మెట్లు దిగుతుంటే నాకే బాధనిపించింది, మరీ కఠినంగా పోయానేమోనని. మళ్ళీ ఎరువుల అంగట్లో చేరాను. వాడి మీద కోపం కూడా మెల్లగా తగ్గుతూ వచ్చింది.

తర్వాతి వేసవిలో చిలమత్తూరులో మా బంధువుల పెళ్ళి. స్టేజీ మీద ఏదో కొత్త ఆర్కెస్ట్రా, డోలకు మనిషి లేడు. మూలన ఒకతను అలాంటి ప్యాడ్ల పెట్టెనే కంప్యూటరుకు తగిలించుకుని నిలబడ్డాడు. మొదటి పాటలోనే నాయన దెబ్బ గుమ్మనేసరికి నా చేతిలో తాంబూలం అలాగే ఉండిపోయింది. వాళ్ళు భోజనానికి దిగినప్పుడు స్టేజీ వెనక్కి వెళ్ళి, ఈ సౌండు యాడిదన్నా అని అడిగాను.

"అనంతపురంలో స్టూడియో అన్న సీడీ ఏసి ఇచ్చినాడు. హిందూపురం, గుంతకల్లు, అందరి తావా ఇదే ఉండాది."

"ఎప్పుడిచ్చినాడు?"

"పోయిన ఎలక్షన్లకు ముందరే."

అంటే నా ముందు చెత్తబుట్ట ఖాళీ చేసిన రోజుకే నా దెబ్బలు జిల్లా అంతా మోగుతున్నాయి. తల వంచుకున్నది, ముఖం చిన్నబుచ్చుకున్నది అంతా నాటకమే.

"వాయించింది ఎవరు?"

"ఆ అన్నే. ఆయప్ప కీబోర్డు ఒక్కటే అనుకుంటారు గానీ డోలకు కూడా బలే వాయిస్తాడంట. వాళ్ళ నాయన నేర్పించినాడంట."

వాళ్ళ నాయనకు బస్సు కండక్టరు ఉద్యోగం. జన్మలో డోలకు ముట్టిన మనిషి కాదు. నాదని చెబుదామనుకున్నాను. ఎవరు నమ్ముతారు? చేతిలో తాంబూలం తప్ప నా దగ్గర ఏముంది? అతను నా ముఖం చూసి ముచ్చటపడుతున్నాననుకున్నాడు. "కొట్టి సూడన్నా, ఏమీ కాదు" అని పక్కకు జరిగాడు.

చూపుడువేలితో ఒక ప్యాడు మీద తట్టాను. వేలు ప్యాడు అంచున పడి దెబ్బ సరిగా పలకలేదు.

"అట్ల కాదన్నా" అంటూ అతను నా వేలు పట్టుకుని, ఎలా కొట్టాలో నాకు నేర్పించాడు.