రావే, రాకే

మా అక్కకి చలికాలం వస్తే పండగే. ఊరంతా తలుపులు బిగించుకుని హీటర్ పెంచుకునే రోజుల్లో ఆవిడ ఫోన్‌లో గాలి ఎటునుంచి వీస్తుందో చూసుకుంటూ కూర్చుంటుంది. ఉత్తరపు గాలి గట్టిగా వీస్తేనే మిషిగన్ లేక్‌లో మంచి అలలు లేస్తాయి. ఎండాకాలంలో ఆ లేక్ పళ్ళెంలో పోసిన నీళ్ళలా పడి ఉంటుంది. అలల మీద బోర్డ్ వేసుకుని నిలబడాలనుకునే పిచ్చివాళ్ళు గడ్డకట్టే చలిలోనే వెళ్ళాలి. ఒళ్ళంతా నల్లటి రబ్బరు సూట్ ఎక్కించుకుని, తలకీ చేతులకీ కాళ్ళకీ రబ్బరు తొడుక్కుని, మంచు మధ్యలోంచి నీళ్ళలోకి దిగాలి. మా అక్కకి నలభై దాటాయి. మా తెలుగు చర్చిలో స్త్రీల కూటానికి లీడర్. ఫ్రిజ్‌లోంచి తీసిన మజ్జిగ తాగితే గొంతు పట్టేస్తుందని గిన్నె గంటసేపు బయట పెట్టి తాగే మనిషి.

ఒంటరిగా దిగకూడదు, ఒడ్డున ఎవరో ఒకరు ఉండాలి అన్నది ఈ ఆటలో మొదటి రూల్. బావగారిని అడిగితే ఆయన దుప్పటి ముసుగు తీయకుండానే "నాకింకా బతకాలనుంది" అన్నారు. ఇక మిగిలింది చెల్లెలు. అరోరాలో మా ఇల్లు వాళ్ళింటికి నాలుగు వీధుల అవతల. మా ఇద్దరికీ రెండేళ్ళే తేడా. బాపట్ల దగ్గర సముద్రం పక్కనే పెరిగాం కానీ మా అమ్మ మమ్మల్ని చీలమండ దాటి నీళ్ళలోకి దిగనిచ్చింది కాదు. ఆ కసి అక్కకి ఇక్కడ తీరింది. నాకు అలాంటి కసి ఏమీ లేదు. ఫ్లాస్కులో టీ పట్టుకుని, రెండు స్వెట్టర్ల మీద కోటు వేసుకుని, ముక్కు కారుతుంటే తుడుచుకుంటూ ఒడ్డున నిలబడి తిట్టుకోవడం నా పని. అలా ఒక చలికాలమంతా తిట్టుకున్నాను.

నాకు ప్రాణమైంది వేరే ఉంది. చర్చిలో కీబోర్డ్ వాయించేది నేనే. మా ఊళ్ళో పాస్టరు అయ్యగారి హార్మోనియం మీద నేర్చుకున్న చేతులు ఇవి. వారమంతా ఆఫీసులో ఎవరి తప్పులో వెతుకుతూ కూర్చునేదాన్ని, ఆదివారం ఆ మెట్ల మీద వేళ్ళు పెట్టినప్పుడే మనిషినయ్యేదాన్ని. ఎడమ చేయి బాగా పలుకుతుందని అందరూ అనేవారు. ఎడమ చేయి గురించి ఎందుకు చెప్తున్నానో ఇప్పుడు తెలుస్తుంది.

ముందు ఒక చిన్న వ్యాకరణం. మా వైపు ఆడపిల్లలు ఒకరినొకరు పిలుచుకుంటే మాట చివర ఒక 'ఏ' తగిలిస్తాం. రమ్మంటే 'రావే'. వద్దంటే 'రాకే'. మధ్యలో ఒక్క అక్షరం తేడా. "నోరా, వీపుకు తేకే" అని మా అమ్మ నన్ను చూసినప్పుడల్లా అనేది. ఆ సామెతలో ఉన్న 'కే' ఇదే. వంటింట్లోంచి వరండాలోకి అరుచుకునే వాళ్ళకి ఆ ఒక్క అక్షరం చాలు. లేక్‌కి అది చాలదని నాకు తెలియదు.

ఆ రోజు ఆరాధన అయ్యాక, పట్టుచీర మీదే కోటు వేసుకుని తనతో వెళ్ళాను. కాళ్ళకి చర్చి చెప్పులు మార్చి బూట్లు వేసుకునేంత బుద్ధి మాత్రం ఉంది. బాగా ముదిరిన చలి. అలలు ఎగిరెగిరి ఒడ్డున పడి పడినచోటే గడ్డకట్టి, నేలలోంచి నీళ్ళలోకి పొడవాటి మంచు అరుగు కట్టినట్టు ఉంది. చూడటానికి నేలలాగే ఉంటుంది. కింద గుల్ల. ఆ సంగతి అక్కకి తెలుసు. తను పక్కనున్న చిన్న వాగు కలిసేచోట, మంచు కట్టని సందులోంచి దిగింది. అక్కడినుంచే బయటకి రావాలి కూడా. కాసేపు బాగానే ఉంది. తర్వాత గాలి పెరిగి, అలలు తనని ఆ సందుకి దూరంగా, మంచు అరుగు మధ్యకి నెట్టుకుపోయాయి.

రెండు చేతులూ ఎత్తి ఊపింది. అరిచింది. నాకు వినిపించింది "రావే" అనే. ఇంకోసారి అరిచింది. ఇంకా బాగా వినిపించింది. నేను ఫ్లాస్కు పారేసి మంచు అరుగు మీదకి పరిగెత్తాను.

నాలుగడుగులు వేశానో లేదో కింద ఏమీ లేదు. ఛాతీదాకా నీళ్ళలో ఉన్నాను. పట్టుచీర బరువెక్కి కాళ్ళకి చుట్టుకుంది. ఎడమ చేతి గ్లోవ్ ఎక్కడ ఊడిందో తెలియదు, ఆ వట్టి చేత్తోనే మంచు అంచు పట్టుకుని వేలాడాను. ఉప్పు లేని నీళ్ళు మనిషిని తేల్చవని అప్పుడే అర్థమైంది. మా సముద్రం కనీసం ఒక తోపు తోస్తుంది. ఈ లేక్ ఊరికే నోరు తెరుచుకుని ఉంది. అక్క ఎలాగో ఆ సందు దాకా ఈదుకుని ఒడ్డెక్కి, బోర్డ్ మంచు మీద పరిచి, దాని మీద బోర్లా పడుకుని వచ్చి నన్ను లాగింది. అప్పటికి నా వేళ్ళు మంచుకి అంటుకుపోయి ఉన్నాయి. వాటిని ఊడబీకింది కూడా తనే.

ఎడమ చేతి చిటికెన వేలూ ఉంగరపు వేలూ నల్లబడ్డాయి. డాక్టర్లు కొన్ని వారాలు చూసి, సగానికి తీసేశారు. గోటితో పోయేదానికి గొడ్డలి అంటారు. నాకు గోళ్ళే పోయాయి, ఇక గొడ్డలిదాకా ఎందుకు?

కట్టు ఇంకా విప్పకముందే ఒక ఆదివారం అక్క సాక్ష్యం చెప్పడానికి లేచింది. మైకు పట్టుకుని కళ్ళు తుడుచుకుంది.

"నేను నీళ్ళలోంచి రాకే, రాకే అని అరుస్తానే ఉన్నా. మా చెల్లి వినలేదు. చిన్నప్పట్నుంచీ దానికి మాట వినే అలవాటు లేదు. అయినా దేవుడు నా చేతుల్తోనే దాన్ని బయటకి లాగించాడు. స్తోత్రం."

"స్తోత్రం" అన్నారు అందరూ. నేను ముందు వరసలో, కట్టు కట్టిన చేయి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కోర్టులో అయితే ఎదురు ప్రశ్న వేయొచ్చు. చర్చిలో సాక్ష్యానికి ఎదురు ప్రశ్న లేదు. భోజనాల దగ్గర ఆంటీలందరూ వరసగా వచ్చి "అక్క మాట వినాలమ్మా" అని నా ప్లేట్‌లో బిర్యానీ వడ్డించారు. ఇక్కడే పుట్టిన ఒక చిన్నపిల్ల నా చేతికేసి చూసి "ఆంటీ, మీ ఫింగర్స్ ఇంకా లేక్‌లో ఉన్నాయా?" అని అడిగింది. "లేవు, చేపలు తినేశాయి" అన్నాను. ఆ పిల్ల ఏడుపు, వాళ్ళమ్మ కోపం, అదో గొడవ. నాకు ఆ పూట హాయిగా అనిపించింది.

ఇప్పుడు మా చర్చిలో పాటలకి ట్రాక్ వేస్తారు. లాప్‌టాప్ ముందు కూర్చుని బటన్ నొక్కేది మా అక్కే.

అడిగాను. చాలాసార్లే అడిగాను. ఫోన్‌లో, కారులో, కాస్ట్‌కోలో బియ్యం బస్తా తోసుకుంటూ. ప్రతిసారీ ఒకటే జవాబు. "రాకే అన్నానే బాబూ. ఇంకెన్నిసార్లు చెప్పాలి?" తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. పోయిన వేళ్ళు ఎలాగూ రావు. కానీ నన్ను పిలిచిందా లేదా అన్నది నాకు కావాలి. పిలిస్తే వెళ్ళినదాన్నా, వద్దంటే వెళ్ళినదాన్నా? వేళ్ళు పోగొట్టుకున్న మనిషికి ఆ మాత్రం తెలియాలి కదా.

అందుకే మరుసటి ఏడు నేనూ నేర్చుకుంటానన్నాను. ఆ నీళ్ళలో నిలబడి ఆ మాట నేనే అని చూడాలనుకున్నానని మాత్రం చెప్పలేదు. అక్క ఎంత సంబరపడిందో! నా ఎడమ గ్లోవ్‌లో ఖాళీ వేళ్ళలోకి నీళ్ళు చేరతాయని, వాటిని మడిచి తనే జిగురు పెట్టి అంటించింది. ఓపిగ్గా నేర్పింది. మంచి టీచరే, ఒప్పుకోక తప్పదు. అప్పుడు చెప్పిన ఇంకో రూల్ ఇది: ఒడ్డున ఉన్న మనిషి ఏం జరిగినా మంచు మీదకి రాకూడదు, ఫోన్ చేసి సాయం పిలవాలి, అంతే. ముందటి చలికాలమంతా నేను ఒడ్డున నిలబడ్డాను కదా, ఈ రూల్ నాకు ఎవరూ చెప్పలేదు.

జనవరిలో, మళ్ళీ మంచు అరుగు కట్టిన రోజున, నేను దిగాను. ఫ్లాస్కు పట్టుకుని ఒడ్డున అక్క. కొన్ని అలలు చేతకాకపోయినా ఎక్కి పడ్డాను. తర్వాత ఒక పెద్ద అల నన్ను పడేసి బోర్డ్‌ని మంచు అంచు కిందకి తోసేసింది. బోర్డ్‌కీ నా చీలమండకీ మధ్య తాడు ఉంటుంది. బోర్డ్ మంచు కింద ఇరుక్కోవడంతో తాడు నన్ను కిందకి లాగుతోంది. తాడు పట్టీ ఊడదీద్దామంటే ఎడమ చేయి ఉన్నట్టే లేదు. పరీక్ష సంగతి మరిచిపోయాను. నిజంగా భయం వేసింది. ఒడ్డున నల్లకోటులో నిలబడిన అక్కకేసి తిరిగి, ఊపిరి ఉన్నంత అరిచాను.

"రావే! అక్కా, రావే!"

'వ' రాలేదు. చిన్నప్పుడు తెలుగు మాస్టారు బెత్తం పట్టుకుని బట్టీ పట్టించారు. క, ఖ, గ, ఘ కంఠంలో పుడతాయి. 'వ' పుట్టాలంటే పై పళ్ళు కింది పెదవిని తాకాలి. నాకు కింది పెదవే లేదు, మొద్దుబారి ఎక్కడుందో తెలియడం లేదు. నోట్లోంచి వచ్చింది 'రా... ఏ' అన్న కేక. అంత చలిలో, అంత భయంలో, కాలు పట్టుకుని నీళ్ళు లాగుతుంటే, నాకు అర్థమైంది. 'క' పలకడానికి పెదవి అక్కర్లేదు. గొంతు గడ్డకట్టలేదు. ఆ రోజు అక్క 'రాకే' అని ఉంటే ఆ 'క' నాకు వినపడి ఉండేది. నాకు వినపడిన మాటలో 'క' లేదు.

అక్క కదల్లేదు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, ఒక్క అడుగు కూడా ముందుకి వేయకుండా నన్నే చూస్తూ నిలబడింది. నేను రెండోసారి పిలిచాను, మూడోసారి పిలిచాను. తర్వాత పిలవడం మానేసి కుడి చేత్తో ఆ పట్టీ పీకి, బోర్డ్ వదిలేసి, వాగు సందు దాకా ఎలా కొట్టుకుంటూ వచ్చానో నాకే తెలియదు. మోకాళ్ళ మీద పాకుతూ ఒడ్డెక్కేసరికి ఎర్ర బండి వచ్చేసింది. ఫైర్‌వాళ్ళు నాకు దుప్పట్లు చుట్టారు. వాళ్ళలో ఒకతను నేనేమని అరిచానని అక్కని అడిగాడు.

"షి సెడ్ డోంట్ కమ్" అని తడుముకోకుండా ఇంగ్లీషులో చెప్పింది. "షి కెప్ట్ సేయింగ్ డోంట్ కమ్."

"యూ డిడ్ ద రైట్ థింగ్" అన్నాడు అతను. నిజమే. రూల్ ప్రకారం తను చేసింది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. అదే నా ఒళ్ళు మండించింది.

కారులో హీటర్ పూర్తిగా పెట్టింది. నా పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. కాసేపయ్యాక పెదవి తిరిగి వచ్చింది. అప్పుడు అన్నాను.

"'కా' పలుకుతుందే అక్కా అక్కడ. 'వా'నే పలకదు. ఇప్పుడే చూసొచ్చా. ఆ రోజు నువ్వు రావే అనే అన్నావు."

అక్క రోడ్డుకేసే చూస్తూ నడిపింది. ఎగ్జిట్ ఒకటి పోయింది. అబద్ధం చెప్తుందనుకున్నాను. లేదా ఏడుస్తుందనుకున్నాను. రెంటికీ సిద్ధపడే కూర్చున్నాను.

"ఏమంటే ఏంటే ఇప్పుడు?" అంది. "నేనేమన్నా సరే, నీ చోట నేనుంటే వచ్చేదాన్ని కాదు."

ఏడాదిగా వెతుక్కున్న జవాబు దొరికింది. దాని పక్కన అడగని జవాబు ఇంకొకటి వచ్చి కూర్చుంది. తను చేయి చాచి, గాలి వచ్చే రెక్కల్ని నా ఎడమ చేతి వైపు తిప్పింది. చల్లబడ్డాక ఆ మొండి వేళ్ళు ఎలా సలుపుతాయో తనకి తెలుసు. మామూలు గొంతుతో మొదలెట్టింది.

"వచ్చే శనివారం మళ్ళీ నార్త్ విండే అంట. ఈసారి నేను దిగుతా. ఒడ్డున నువ్వుండు."

"బావగారిని అడగరాదూ?"

"ఆయనెందుకే?" అంది అక్క. "నువ్వుంటేనే నాకు ధైర్యం."

సరేనన్నాను.