కంప్యూటరుకు సుగ్గి చెప్పిన ఏడాది

ఆదోనిలో పత్తి మిల్లు వెనక సందులో, మేడ మీద మా ఆఫీసు. పల్లెల్లో సరుకుల అంగళ్లు నడిపే కంపెనీ అది. ఏ అంగడికి ఎంత సరుకు పంపాలో, ఏది మూసేయాలో ఇప్పుడు మనుషులు చెప్పరు. బెంగళూరులో రాసిన ప్రోగ్రాం చెబుతుంది. దానికి లెక్కలు అందించడం, అది చెప్పింది అంగళ్లవాళ్లకు మంచిమాటల్లో చేరవేయడం నా పని. రోజూ ఎమ్మిగనూరు నుంచి బస్సులో నిలబడి వస్తాను, నిలబడి పోతాను. ఈ వయసులో ఇంకో ఉద్యోగం ఎవడిస్తాడని చేస్తున్నాను గానీ ఇష్టమై కాదు.

పోయినేడు చలికాలం చివర్లో నందవరం దిక్కు ఒక ఊరి అంగడి కంప్యూటరు తెరమీద ఎర్రగా కనబడింది. అమ్మకాలు పడిపోయాయి, మూసేయమని ప్రోగ్రాం సలహా. నాకు ఒళ్లు మండింది. కొనడానికి ఊళ్లో మనుషులుంటే కదా? పంట ఇంటికి రాగానే మా వైపు జనం తలుపులకు తాళాలేసుకుని గుంటూరు దిక్కు మిరపకాయలు తెంపడానికి పోతారు. సుగ్గికి పోవడం అంటారు. మళ్లీ ఉగాదికే రావడం. అప్పుడు చూడాలి ఆ అంగడిని, కాలు పెట్టడానికి సందుండదు. ఈ సంగతి ఇక్కడ చంటిపిల్లకు కూడా తెలుసు, ఆ ప్రోగ్రాంకు తప్ప.

ఆ అంగడి చూసుకునే ఆమె ఒకప్పుడు మొగుడితో, కూతురితో సుగ్గికి పోయేది. ఈ జీతం మొదలయ్యాక మొగుడొక్కడే పోతున్నాడు. ఆమె ఊళ్లోనే ఉండి పిల్లను బడి మానకుండా చదివించుకుంటోంది. మూసేస్తారేమోనని చెప్పినప్పుడు ఆమె ఏడవలేదు.

"నా బతుకు యాడైనా గడుస్తాదన్నా. పాప సదువే పోతాది" అంది.

బెంగళూరుకు ఫోన్ల మీద ఫోన్లు చేశాను. అక్కడ ప్రోగ్రాం చూసే కుర్రాడు విసుక్కోకుండా విన్నాడు. జనం ఎప్పుడు పోతారో, ఎప్పుడు వస్తారో, అప్పుడు ఏమేం కొంటారో వివరంగా పంపమన్నాడు. పాత అమ్మకాలన్నీ తవ్వి తీశాను, ఊరూరికీ ఫోన్ చేసి అడిగాను, పంపాను. అతను అదంతా ప్రోగ్రాంకు నేర్పాడు. ఎర్రరంగు పోయింది. ఆమె ఆఫీసుకు వచ్చి ఒక సంచి వేయించిన వేరుశనగ బుడ్డలు ఇచ్చి పోయింది. చాలా రోజులు నేను కాలరెగరేసుకుని తిరిగాను.

ఈ ఏడాది దీపావళి దాటింది. తెరమీద కొత్త సలహా వచ్చింది. ఇప్పటినుంచి ఉగాది దాకా ఆ ఊళ్లో అమ్మకం జీతానికి కూడా చాలదు, అంతవరకు అంగడి మూసి జీతం ఆపండి, ఉగాది ముందు రెట్టింపు సరుకుతో తెరవండి అని. వెతికి వెతికి చూశాను. ఒక్క తప్పు దొరకలేదు. వ్యాపారం చేసేవాడెవడైనా అదే చేస్తాడు.

ఆ కుర్రాడికి ఫోన్ చేస్తే, మీరు పంపిన వివరాల వల్లే ప్రోగ్రాం లెక్క ఇంత బాగా కుదిరిందని మెచ్చుకున్నాడు. పిల్ల చదువు సంగతి చెప్పాను. చెడ్డవాడు కాదు.

"అది ఏ కాలమ్‌లో పెట్టాలి సార్?" అన్నాడు. నిజంగానే అడిగాడు. అలసిపోయి ఫోన్ పెట్టేశాను.

ఇలాంటి మాట ఫోన్‌లో చెప్పలేక ఆటో ఎక్కి ఆ ఊరికి పోయాను. సాయంత్రం. పిల్ల అంగట్లోనే బియ్యం బస్తా మీద పుస్తకాలు పరుచుకుని చదువుకుంటోంది. ఇప్పుడు పదో తరగతి. నేను తల్లికి చెబుతుంటే రాయడం ఆపింది.

తల్లి అంతా విని, ఉగాదికి మళ్లీ తెరుస్తారు కదా అని మాత్రం అడిగింది. తెరుస్తారని చెప్పాను.

"అయితే మేమూ పోతాంలే అన్నా. ఈడ కూచోని ఏం తినేది? ఎదిగిన పిల్లను ఒక్కదాన్నే యాడ ఇడిసిపెట్టేది? తోడుకపోతా."

పిల్ల నా వైపు తిరిగి, పబ్లిక్ పరీక్షలు ఉగాదికంటే ముందే మొదలవుతాయి కదా సార్ అని అడిగింది. అవునన్నాను.

ముగ్గురం బయటికి వచ్చాం. ఇక ఉగాదికే తెరిచే షట్టరును తల్లి సగం దించి ఆగింది.

"నీ పుస్తకాలు లోపలే ఉండాయి, తెచ్చుకోపో" అంది.

"ఉండనీలేమ్మా" అంది పిల్ల.