ప్రత్యూష అడిగిన రంగు

ఛాయాదేవి భర్త సైన్యంలో హవల్దారు. ఢిల్లీ కంటోన్మెంటుకు వచ్చిన కొత్తలో పొద్దుపోక ఆమె నేర్చుకున్న మేకప్ పనే తర్వాత పేరు తెచ్చిపెట్టింది. దగ్గర్లోని ద్వారక కాలనీల్లో తెలుగువాళ్ల పెళ్లంటే పెళ్లికూతురు ఆమె చేతికి రావాల్సిందే. ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట, అమ్మాయిని కాస్త తెల్లగా చూపించమని. ఛాయాదేవిదీ నలుపే. అయినా నోరెత్తకుండా అడిగినవాళ్లకు అడిగినట్టే చేసిపెడుతూ వచ్చింది.

ప్రత్యూష పెళ్లిలో మాత్రం అలా జరగలేదు.

గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ప్రత్యూషది చామనఛాయ. పెళ్లికొడుకు తెల్లగా ఉంటాడని మేనత్త లక్ష్మీకుమారి ఆమెను పార్లరుకు లాక్కెళ్లి పదే పదే బ్లీచ్ చేయించింది. ముఖం పాలిపోయింది, మెడ మాత్రం అలాగే ఉంది. అద్దంలో చూసుకుంటే ఎవరో పరాయి మనిషిలా తోచింది ప్రత్యూషకు. పెళ్లికి ముందురోజు నలుగు స్నానం కాగానే, ఎవరికీ చెప్పకుండా వెళ్లి స్ప్రే ట్యాన్ చేయించుకుంది. చర్మాన్ని ముదురు రంగుకు తెచ్చే ఆ మందు పిచికారీ చేశాక, తెల్లారేసరికి ముఖం మెడతో కలిసిపోయింది.

"ఆంటీ, ఈ రంగు పోకూడదు. దీనికి సరిపడా వెయ్యండి," అంది ఛాయాదేవితో.

లక్ష్మీకుమారి మండిపడింది. "ఎదురు డబ్బిచ్చి నల్లబడతారుటే ఎవరైనా? అచ్ఛా, అయిందేదో అయింది. ఛాయా, నువ్వు దట్టంగా పట్టించు. ఆ నలుపు పైకి తేలకూడదు."

అలవాటుకొద్దీ ఛాయాదేవి లేత రంగు సీసానే చేతిలోకి తీసుకుంది. అది చూసుకుని తన మీద తనకే ఒళ్లు మండింది. సీసాను పెట్టెలో పడేసింది.

"నేను వెయ్యనండి."

"ఏంటీ?"

"ముఖం ఆ పిల్లది. తను అడిగిందే వేస్తాను."

"రేపట్నుంచి మన తెలుగువాళ్లలో నిన్నెవరు పిలుస్తారో చూస్తా!"

"పిలవకపోతే మానెయ్యమనండి. కాస్త పక్కకి జరగండి, వెలుతురుకి అడ్డొస్తున్నారు."

ఛాయాదేవి పని మొదలుపెట్టింది. రుద్దితే ట్యాన్ చెదురుతుందని నూనె లేని క్రీమును తడి స్పాంజితో మెల్లగా అద్దింది. మెడ పక్కన పెట్టి చూసుకుంటూ రంగు కలిపింది. చెవి వెనక ట్యాన్ చారలా దిగిన చోట సరిచేసింది.

మండపంలో గుసగుసలు మొదలయ్యాయి. ప్రత్యూష తల దించలేదు. అడ్డుతెర తియ్యగానే పెళ్లికొడుకు ఉదయ్‌కిరణ్ నవ్వేశాడు. "హమ్మయ్య, నువ్వే! మొన్న వీడియో కాల్‌లో ఎవరో అనుకుని హడలిపోయాను."

లక్ష్మీకుమారి అన్నంత పనీ చేసింది. ఢిల్లీ శివారు వైశాలిలో ఖాయమైన రెండు పెళ్లిళ్లు ఛాయాదేవి చేజారాయి. ఆమె ఎవరినీ బతిమాలలేదు. ఇప్పుడు ఎవరు ఫోన్ చేసినా ముందు పెళ్లికూతురితో మాట్లాడితే గాని పని ఒప్పుకోవడం లేదు. కొందరు విసుక్కుని ఫోన్ పెట్టేస్తున్నారు.

"పెట్టెయ్యనీ," అంటుంది ఛాయాదేవి.